స్టేషన్‌లో మొదటి పాఠం

కానిస్టేబుల్ కొలువు కోసం మన అబ్బాయిలు 1600 మీటర్లు పరుగెత్తుతారు. దమ్ము తెలుస్తుంది కానీ, చేతికి లాఠీ వస్తే నిగ్రహం ఉంటుందో లేదో తెలియదు. దాన్ని శిక్షణే నేర్పాలి.

అరెస్టు మెమోలో తేదీ, సమయం రాయాలనీ, కుటుంబసభ్యుడో స్థానిక పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలనీ 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిక్షణలో ఇది చెబుతారు. తీరా స్టేషన్‌కి వెళ్లాక సీనియర్ "టైము ఇప్పుడే వెయ్యకు, తర్వాత చూద్దాం" అన్నాడంటే నెలల చదువు ఒక్క పూటలో కొట్టుకుపోతుంది. మెమోలో ఆ సమయం గడి ఖాళీగా ఉంటే, అరెస్టైన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలన్న రాజ్యాంగ హక్కుకు లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నా దృష్టిలో కొత్తవాళ్లకు అసలు గురువు స్టేషన్ హౌస్ ఆఫీసరే. ఆ కుర్చీ ఇచ్చేముందు ఛేదించిన కేసులతోపాటు, ఆయన మీద వచ్చిన కస్టడీ ఫిర్యాదులూ చూడాలి.