రొమ్ము క్యాన్సర్ తర్వాత అప్పుల లెక్క
రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మహిళ ఆర్థిక కష్టాన్ని ఆసుపత్రి బిల్లు ఒక్కటే చెప్పలేదు. అందుకే 2014లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు క్యాన్సర్ రోగుల ఆర్థిక ఇబ్బందిని కొలిచే ‘కాస్ట్’ ప్రశ్నావళి తెచ్చారు. 11 అంశాలు, 0 నుంచి 44 వరకు మార్కులు. తగ్గినకొద్దీ ఇబ్బంది ఎక్కువ. నెల జీతగాళ్లకు ఇది బాగానే సరిపోతుంది. కానీ కూలి మీద బతికే తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎన్నాళ్ల కూలి పోయింది, ఏ వడ్డీకి అప్పు తెచ్చారు, పుస్తెలతాడు కుదువపెట్టారా? 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయినా హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లిరావడంలో పోయిన కూలి, తోడు వచ్చినవారి తిండి ఖర్చు ఏ బిల్లులోనూ కనబడవు. కొందరు హార్మోను మాత్రలు 5 నుంచి 10 ఏళ్లు వాడాలి కాబట్టి, ఈ ప్రశ్నలు చికిత్స ముగిశాక కూడా ఏటేటా అడగాల్సినవే.