కొత్త కెమెరా – పాత అలవాటు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మనవాళ్ళలో చాలామందికి పిల్లలు డిజిటల్ కెమెరాలు కొనిపెడుతున్నారు. వాడుక తెలియక బీరువాల్లో దాచుకుంటున్నారు. ఓ పావుగంట మాట్లాడండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఫొటోగ్రాఫర్ని కాను. ముప్పైనాలుగేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూసినవాణ్ణి. అందుచేత ఫొటోలు ఎలా తీయాలో చెప్పను. కెమెరా మాన్యువల్, అంటే వాడుక పుస్తకం, ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదువుకోవాలి అన్నంతవరకే చెబుతాను. అది చదవనందువల్ల నాకు జరిగిన నష్టం కూడా దాచకుండా చెబుతాను.

మన రోజుల్లో కెమెరాకు పుస్తకం అవసరమే ఉండేది కాదు. మీలో చాలామంది ఆగ్ఫా క్లిక్ 3 వాడే ఉంటారు. 120 రోలు వేస్తే 12 ఫొటోలు. చూసి నొక్కడం, రోలు తిప్పడం, స్టూడియోలో ఇచ్చి రావడం, అంతే. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని సామర్థ్యం 0.01 మెగాపిక్సెల్. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ 24 మెగాపిక్సెల్ కెమెరా మామూలైపోయింది. దాని తెర మీద కనిపించే మెనూలో వందకు పైగా అంశాలుంటాయి. వాటన్నిటినీ వివరించే పుస్తకం కొన్ని వందల పేజీలు ఉంటుంది. అంత పుస్తకం అచ్చువేసి పెట్టెలో పెట్టడం చాలా కంపెనీలు మానేశాయి. మన చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మా అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు నాకొక కెమెరా తెచ్చి ఇచ్చాడు. పెట్టెలో బ్యాటరీ, ఛార్జరు, మెడలో వేసుకునే పట్టీ, ఒక పల్చటి పుస్తకం ఉన్నాయి. ఆ పుస్తకంలో సగం హెచ్చరికలు, తక్కిన సగం బ్యాటరీ ఎలా పెట్టాలి, తేదీ ఎలా దిద్దాలి అన్న సంగతులు. ఇంతేనా అనుకుని లోపల పడేశాను. మా మనవడు "తాతయ్యా, ఇక్కడ నొక్కితే ఫొటో వస్తుంది, ఇక్కడ నొక్కితే చూసుకోవచ్చు" అని రెండు నిమిషాల్లో పాఠం ముగించాడు. నేను కూడా విద్య వచ్చేసిందనుకున్నాను.

ఆ తరువాత కొన్నాళ్ళకు అమలాపురం దగ్గర మా ఊళ్ళో మా పెద్దక్కయ్యకు సహస్ర చంద్ర దర్శన శాంతి చేశారు. పున్నమికీ పున్నమికీ సుమారు 29.53 రోజులు. వెయ్యి పున్నములంటే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. ఖజానావాణ్ణి కనుక లెక్క వేసి చూసుకున్నాను. ఆ రోజు 214 ఫొటోలు తీశాను. వాటిల్లో బాగా వచ్చిన ముప్పైకి తాళంచెవి గుర్తు కూడా వేశాను. ఆ గుర్తు వేస్తే ఎవరూ చెరపలేరని మనవడు చెప్పాడు. నమ్మకం కుదరక ఒకసారి చెత్తబుట్ట బొమ్మ నొక్కి చూశాను కూడా. చెరపడం కుదరదని కెమెరాయే చెప్పింది. ఇక నిశ్చింతగా ఉన్నాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలన్న ఆలోచన రాలేదు.

మూడో నెలలో మనవరాలి పుట్టినరోజు వచ్చింది. ఫొటో తీయబోతే కార్డు నిండిపోయిందని తెర మీద కనిపించింది. మెనూ వెతికితే "ఫార్మాట్" అన్న మాట కంటబడింది. ఫార్మాట్ మనకు కొత్త మాటా? బిల్లు ఫార్మాట్, పెన్షన్ ఫార్మాట్ అని రోజూ అనుకున్నదే. ఒక వరసలో సర్దడమే కాబోలు అనుకున్నాను. నొక్కితే, అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. తాళం వేసినవి ఎలాగూ ఉంటాయి, తక్కినవి పోతే పోనీ అని సరే నొక్కాను. ఆ సాయంత్రం నలభై ఫొటోలు తీశాను. పాతవి ఉన్నాయో లేదో చూసుకోనే లేదు.

తొమ్మిది రోజుల తరువాత అక్కయ్య పోయింది. ఊరికి వెళ్ళాను. మా మేనల్లుడు "మావయ్యా, పన్నెండో రోజుకి అమ్మ పటం కట్టించాలి. నువ్వు తీసినవాటిల్లో మంచిది ఒకటి ఇవ్వు" అన్నాడు. ఫోన్లలో తీసినవాళ్ళూ ఉన్నారు గాని, అన్నీ జనం మధ్య దూరం నుంచి తీసినవే. అరుగు మీద కూర్చోబెట్టి దగ్గరగా తీసింది నేనొక్కణ్ణే. కెమెరా తెరిచి చూస్తే పుట్టినరోజు ఫొటోలు నలభై తప్ప ఒక్కటి లేదు. వాడికి ఏం చెప్పాలో తోచక, రేపు ఇస్తానన్నాను.

ఆ రాత్రి మొదటిసారి అసలు మాన్యువల్ వెతకడానికి కూర్చున్నాను. పల్చటి పుస్తకం చివరి అట్ట మీద, పూర్తి మాన్యువల్ తమ వెబ్‌సైటులో ఉందని కంపెనీవారు రాసే ఉన్నారు. ఆ అట్ట తిప్పి చూడనిది నేనే. రాత్రి పదకొండు గంటలకు దొరికింది. ఫార్మాట్ గురించిన పేజీలో, అసలు విషయమంతా అయ్యాక, చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంది. ఫార్మాట్ చేస్తే తాళం వేసిన ఫొటోలు కూడా పోతాయి అని దాని సారాంశం.

అయ్యా, మనమందరం నోట్లు చదివి బతికినవాళ్ళం. 1922 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్ మొదలుకొని ఫైనాన్షియల్ కోడ్ దాకా, రూలు ఒకటి చెబుతుంది, కిందనున్న నోటు దానికి మినహాయింపు చెబుతుంది అని మనకు తెలియదా? రూలు చూపించి బిల్లు పెట్టినవాడికి "కింద నోటు చదివారా?" అని ఎన్నిసార్లు ఆబ్జెక్షన్ రాశాను! అలాంటివాణ్ణి నా ఇంట్లో నా చేతిలో ఉన్న వస్తువుకు నోటు చదవలేదు.

అదే పేజీలో ఇంకో హెచ్చరిక ఉంది. ఫార్మాట్ చేసినా కార్డులోని సమాచారం పూర్తిగా తుడిచిపెట్టుకుపోదు, కాబట్టి కార్డును ఇతరులకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త అని. వాళ్ళు రాసింది గోప్యత కోసం. నాకు మాత్రం అది ఆశ కల్పించింది. పేర్ల జాబితా పోయింది గాని, సరుకు ఇంకా గోదాములో ఉందన్నమాట. కొత్త ఫొటోలు తీసేకొద్దీ పాతవాటి చోటు ఆక్రమిస్తాయి గనుక, వెంటనే కార్డు బయటికి తీసి కవర్లో పెట్టాను. మర్నాడు అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. పోయిన ఫైళ్ళను వెతికి తీసే సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు గంటలు కూర్చున్నాడు. 214లో 171 దొరికాయి. అరుగు మీద కూర్చున్న ఫొటో దొరికింది. అక్కయ్యకు హారతి ఇస్తున్నవి మాత్రం ఒక్కటీ రాలేదు. పటం వేళకు అందింది. మేనల్లుడికి జరిగిందంతా చెప్పాను. వాడు నన్ను ఏమీ అనలేదు.

ఇక మీకు పనికొచ్చే విషయాలు చెబుతాను.

మొదటిది, మాన్యువల్ వెతికేముందు మోడల్ నంబరు సరిగా రాసుకోండి. ముందువైపు పెద్ద అక్షరాలతో ఉండే పేరు ఒక్కటే చాలదు. కెమెరాను బోర్లించి అడుగున ఉన్నది కూడా చూడండి. సోనీ వారి ఆల్ఫా 7 ఫోర్ అన్న కెమెరాకు మోడల్ నంబరు ఐఎల్‌సీఈ-7ఎం4 అని ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఒకే కెమెరాకు ఒక్కోసారి దేశానికొక పేరు ఉంటుంది. కేనన్ వారు మన దేశంలో 1500డీ అని అమ్మిన కెమెరాయే ఐరోపాలో 2000డీ, అమెరికాలో రెబెల్ టీ7. పిల్లలు విదేశాల నుంచి తెచ్చిన కెమెరా ఇక్కడి జాబితాలో కనబడకపోతే కంగారుపడకండి. పేరే వేరు, వస్తువు ఒకటే.

రెండవది, కంపెనీవారి సొంత వెబ్‌సైటులోనే తీసుకోండి. "సపోర్ట్" అన్న విభాగంలో "మాన్యువల్స్" లేక "డౌన్‌లోడ్స్" అని ఉంటుంది. కొందరు పీడీఎఫ్ పుస్తకంగా ఇస్తారు. సోనీ వారు "హెల్ప్ గైడ్" పేరుతో వెబ్ పేజీలుగా పెట్టారు. తయారీదారులు మాన్యువల్‌కు డబ్బు అడగరు. మాన్యువల్ పేరు చెప్పి ఎవరైనా క్రెడిట్ కార్డు నంబరు అడిగినా, ముందు ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మూడవది, దొరికినదాన్ని కంప్యూటర్లోనూ ఫోన్లోనూ దాచుకోండి. వందల పేజీలూ అచ్చుతీయించవద్దు. భాగాల పేర్లు, ఫొటోలు చెరపడం, ఫార్మాట్, కంప్యూటర్లోకి ఎక్కించడం, చివరనున్న సమస్యల పట్టిక, ఇవి జిరాక్సు షాపులో ముప్పై, నలభై పేజీల్లో తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే చాలు.

నాలుగవది, చదివే పద్ధతి. మొదటి రోజు కెమెరా ఒళ్ళో పెట్టుకుని భాగాల పేర్ల పేజీ ఒక్కటే చదవండి. ఒక్కొక్క మీట మీద వేలు పెట్టి పేరు పైకి చదవండి. పేరు తెలిస్తే తరువాత ఏ పేజీ అయినా అర్థమవుతుంది. పేరు తెలియకుండా మనవడు చూపించిన వేలును గుర్తుపెట్టుకుంటే, వాడు వెళ్ళిన మర్నాడే మరిచిపోతాం. రెండో రోజు బ్యాటరీ, కార్డు, తేదీ. మూడో రోజు ఆటోలో పెట్టి పది ఫొటోలు. నాలుగో రోజు చూడడం, చెరపడం, తాళం వేయడం, కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇవన్నీ అయి, పాత ఫొటోలు రెండుచోట్ల భద్రంగా ఉన్నాయని చూసుకున్నాకనే ఫార్మాట్ జోలికి వెళ్ళండి.

అయిదవది, మన మాట వేరు, మాన్యువల్ మాట వేరు. ఫొటో అలికినట్టు వచ్చిందని మనమంటాం. పుస్తకంలో "కెమెరా షేక్" అనో "ఫోకస్" అనో వెతకాలి. మనమూ ఫొటోలో పడేలా ఆలస్యంగా తీయడం కావాలంటే "సెల్ఫ్ టైమర్" అని వెతకాలి. పీడీఎఫ్‌లో వెతికే సదుపాయంలో ఆ మాట కొడితే క్షణంలో పేజీ వస్తుంది. మా మిత్రుడొకాయన తన కేనన్ కెమెరా చక్రం మీద "టీవీ" అన్న అక్షరాలు చూసి, అక్కడికి తిప్పితే దూరదర్శన్ వస్తుందని ఆరు నెలలు ఎదురుచూశాడు. టీవీ అంటే టైమ్ వాల్యూ, షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో మనం నిర్ణయించే పద్ధతి. నికాన్‌లో దాన్నే "ఎస్" అంటారు.

ఆరవది, కెమెరా మొరాయిస్తే షాపుకు పరుగెత్తేముందు పుస్తకం చివరి సమస్యల పట్టిక చూడండి. ఒకాయన కెమెరాలో కొత్త ఫొటో ఎక్కడంలేదని రెండుసార్లు బస్సెక్కి వెళ్ళివచ్చాడు. తీరాచూస్తే ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న మీట "లాక్" వైపుకు జరిగి ఉంది.

ఆఖరుగా ఒక మాట. నేనిప్పుడు ఒక నోటుబుక్కులో రెండు పేజీల తెలుగు మాన్యువల్ రాసుకుని కెమెరా సంచిలో పెట్టుకున్నాను. ఏది నొక్కితే ఏమవుతుంది, ఏది నొక్కకూడదు అని. మా ఆవిడ అది చూసి ఎవరినీ అడగకుండా ఫొటోలు తీస్తోంది. అందులో మొదటి వాక్యం ఎర్రసిరాతో రాశాను: ఫార్మాట్‌కు తాళం అడ్డురాదు.

పిల్లలకు వేగం ఉంది, కాదనను. కాని వందల పేజీల పుస్తకంలో కావలసిన రూలు పట్టుకుని, దాని కింద నోటు కూడా చదవడం మన ఉద్యోగం మనకు నేర్పిన విద్య. రిటైరైన రోజున దాన్ని ఆఫీసులో అప్పగించి రాలేదు కదా. కొత్త వస్తువు ముందు దాన్ని బయటికి తీయడానికి మొహమాటపడవద్దు. ఎవరికైనా మాన్యువల్ దొరకకపోతే, కెమెరా తీసుకుని శనివారం సాయంత్రం మన సంఘం గదికి రండి. నేను అక్కడే ఉంటాను, కలిసి వెతుకుదాం.