అంబులెన్సు కూడా అమానతే



మీరు కొనిచ్చిన అంబులెన్సుకు 12 ఏళ్లు నిండాయి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఈ ఏడూ పాసైంది, మేము నిశ్చింతగా ఉన్నాం. నాలుగు నెలలకు, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి నుంచి ఒక రోగిని ఇంటికి తెస్తుండగా, ఉప్పల్ చౌరస్తా దగ్గర బ్రేకు పెడల్ కిందికంటా పోయింది. డ్రైవరు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకుతో ఆపాడు. అల్‌హందులిల్లాహ్, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తప్పు మాదే. ఫిట్‌నెస్ కాగితం ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. బ్రేకు ఆయిల్ రోజురోజుకూ తేమ పీల్చుకుంటుంది. దాని రబ్బరు గొట్టాలు పగులుతాయి. గుంతల్లో బాల్ జాయింట్లు, బుష్‌లు వదులవుతాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే.

ఇప్పుడు ఇవన్నీ నెలనెలా నాచారంలో మెకానిక్‌కు చూపించి, రిజిస్టరులో రాస్తున్నాం. కొత్త బండికి చందా అడిగాం గానీ, బ్రేకులకూ టైర్లకూ ఎన్నడూ అడగలేదు. మీ సదఖాలో కొంత ఈ మరమ్మతులకూ కేటాయించండి. రిజిస్టరు ఆఫీసులోనే ఉంటుంది, వచ్చి చూడండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.