పాటల డబ్బా మార్చేముందు

పోయిన వేసవిలో మా ఇంట్లో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన వస్తువొకటి కొన్నాం. అది కొనడానికి మాకు నెలా పదిహేను రోజులు పట్టింది. ఫ్రిజ్జు కొన్నప్పుడు కూడా మావారు ఇన్ని షాపులు తిరగలేదు. ఆ వస్తువు పాటలు వినిపించే డబ్బా. ఎంపీత్రీ ప్లేయరంటారే, అదీ. “సెల్‌ఫోనుండగా ఇంకా అదెందుకమ్మా?” అని మీరడుగుతారని తెలుసు. షాపులో అబ్బాయీ అదే అడిగాడు. ఎందుకో చెబుదామనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

మేముండేది విజయవాడ. మా అత్తవారిది కూచిపూడి. బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రులో మలుపు తిరిగితే చల్లపల్లి పోయే దారిలో వస్తుంది. ఆ ఊరి పేరు చెబితే అందరికీ నాట్యం గుర్తొస్తుంది. నాకు మాత్రం మా మామగారి గొంతు గుర్తొస్తుంది. ఆయన పేరుపడ్డ విద్వాంసులేం కారు. చిన్న ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు నలుగురు పిల్లల్ని పోగేసి, తాళాలు పట్టుకుని జతులు చెబుతూ అడుగులు వేయించేవారు. 1991లో బంధువులెవరో గల్ఫు నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు ముందు కూర్చుని మూడు క్యాసెట్లు నింపారు. రెండింట్లో జతులూ శబ్దాలూను. మూడోదాంట్లో భామాకలాపం. సత్యభామ ప్రవేశ దరువు, ఆ తర్వాత కృష్ణుడికి రాసే లేఖ ఘట్టం. 2009లో ఆయన పోయారు.

2013లో మా ఆడపడుచు కొడుకు ఆ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, చొక్కాకి తగిలించుకునే చిన్న ప్లేయర్లో వేసి వాళ్ళ అమ్మమ్మ చేతిలో పెట్టాడు. అత్తయ్యగారు దాన్ని కొంగుకి తగిలించుకుని పువ్వులు కోసేటప్పుడూ, బియ్యం ఏరేటప్పుడూ వినేవారు. తొమ్మిదేళ్ళు పనిచేసింది పాపం. మీటల మీద గుర్తులన్నీ అరిగిపోయాయి. ఆఖరికి ఛార్జింగు గంటసేపు కూడా నిలవలేదు. కొత్తది కొనాల్సి వచ్చింది.

అప్పుడు చేశానండీ పొరపాటు! నేనే తీసుకెళ్ళాను షాపుకి. పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళమన్నారు. అరవై నాలుగు జీబీల కార్డు ఉచితమన్నారు. దాంట్లో రెండు వేల సినిమా పాటలు ముందే ఎక్కించి ఉన్నాయి, అవీ ఉచితమే. ఆ పాటల వెనకాల మామగారి రికార్డింగులు కూడా వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే పేర్లన్నీ తెర మీద వరసగా కనిపిస్తున్నాయి. సినిమా పాటలు పలుకుతున్నాయి. మామగారి పేరు మీద నొక్కితే మాత్రం ఒక్క చప్పుడు లేదు. మర్నాడు పరుగెత్తుకెళ్తే పాత ప్లేయరు అప్పటికే చేతులు మారిపోయింది.

తర్వాత తెలిసింది, అది దొంగ కార్డు. పైన అరవై నాలుగని అచ్చు వేసి ఉంటుంది. కంప్యూటరుకీ అంతేనని అబద్ధం చెబుతుంది. లోపల నిజంగా ఉండేది ఏ ఎనిమిదో. ఆ ఎనిమిదీ నిండాక వేసినవి పేర్లకు మాత్రమే మిగులుతాయి, సరుకు ఉండదు. అడుగున చిల్లున్న డబ్బాలో పప్పు పోసినట్టే. మేనల్లుడికి ఫోను చేస్తే, “ఆ కంప్యూటరు ఎప్పుడో పాడైపోయింది అత్తయ్యా!” అన్నాడు. అటక మీది క్యాసెట్లు దింపాం. రెండు బాగానే ఉన్నాయి. మూడోది వానాకాలం చెమ్మకి బూజుపట్టి, ప్రవేశ దరువు అయీ కాకుండానే తెగిపోయింది. లేఖ పోయింది.

అత్తయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

అక్కణ్ణుంచి మొదలైంది నా చదువు. మెట్రిక్‌తో ఆపేసినదాన్ని, నలభై దాటాక గిగాబైట్ల లెక్కలు నేర్చుకున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి డబ్బా కొనాలన్నా, ఉన్నది మార్చాలన్నా పనికొస్తాయని చెబుతున్నాను.

ముందు ఫోను సంగతి. వయసు మళ్ళినవాళ్ళ వేళ్ళు పొడిబారి ఉంటాయి, అద్దం మీద గీస్తే ఒక్కోసారి ఫోను పట్టించుకోదు. చేతికి తగిలే మీట ఉంటే చీకట్లో కూడా నొక్కుకోవచ్చు. నెట్‌లో వినే పాటైతే, నెట్ లేకపోతే రాదు, ఉంటే మధ్యలో ప్రకటన రావచ్చు. మా అమ్మాయి నాట్యం సాధన చేస్తుంటుంది. తీర్మానం దగ్గరకొచ్చేసరికి ఎవరిదో ఫోను మోగుతుంది, కాళ్ళు ఆగిపోతాయి. విడిగా ఒక డబ్బా ఉంటే ఈ బెడద లేదు.

ఇక ఏ రకం కొనాలి? ముందే పాటలు నింపి అమ్మే పెట్టెలున్నాయి. సరిగమ వాళ్ళు 2017లో తెచ్చిన కారవాన్ అలాంటిదే. చూడ్డానికి పాతకాలం రేడియోలా ఉంటుంది. మా అమ్మకి అదే కొనిచ్చాం, ఘంటసాల గారి పాటలతో హాయిగా కాలక్షేపం చేస్తోంది. ఇవాళ ఏ పాట వినాలా అని వెతుక్కునే పని లేదు, మర తిప్పితే చాలు. అయితే అందులో నింపి ఇచ్చిన పాటల్ని మనం మార్చలేం. మన పాటలు కావాలంటే పెన్‌డ్రైవు గుచ్చుకోవాలి. అత్తయ్యగారికి కొంగుకి తగిలేది కావాలి గనక అది కుదరలేదు. ఐపాడ్ అని పెద్ద పేరున్నది ఒకటుండేది. 2001లో వచ్చినప్పుడు “జేబులో వెయ్యి పాటలు” అని లోకమంతా ఆశ్చర్యపోయింది. 2022లో దాని తయారీ ఆపేశారు. పాతది ఎవరైనా చవగ్గా ఇస్తామంటే బ్యాటరీ సంగతి అడక్కుండా తీసుకోకండి. వేలకి వేలు పోసే ఖరీదైన ప్లేయర్లూ ఉన్నాయి గానీ, మన ఇళ్ళల్లో కుక్కరు కూతల మధ్య వాటి గొప్పతనం ఎంత వినబడుతుందో నాకు అనుమానమే.

కొనేటప్పుడు జీబీలు చూసి మోసపోకూడదు. లెక్క చాలా సులువు. మామూలు ఎంపీత్రీ పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ ఆక్రమిస్తుంది. అయిదు నిమిషాల పాటకి అయిదు. అంటే ఒక జీబీలో దాదాపు రెండొందల పాటలు, ముప్ఫయి రెండు జీబీల్లో ఆరు వేల పైచిలుకు. రోజుకి పది పాటలు వింటే ఏడాదిన్నరకి పైగా వస్తాయి! అంచేత అరవై నాలుగనీ, నూట ఇరవై ఎనిమిదనీ ఆశపడక్కర్లేదు. పైగా చాలా చవక ప్లేయర్లు ముప్ఫయి రెండుకి మించిన కార్డును తీసుకోవు. అట్ట మీద ఎంతవరకు తీసుకుంటుందో రాసి ఉంటుంది, చూసుకోవాలి.

ఈ ఎంపీత్రీ అనేది ఒక రకం జల్లెడ అనుకోండి. సీడీలో పాట నిమిషానికి పది ఎంబీలుంటుంది. మన చెవి పెద్దగా పట్టించుకోని ధ్వనుల్ని జల్లించి పారేసి, ఆ పదిని ఒకటికి దింపుతారు. మరీ ఎక్కువ జల్లిస్తే పనికొచ్చేదీ పోతుంది. 2013లో మా మేనల్లుడు ఎక్కువ పాటలు పట్టాలని అరవై నాలుగు అనే కొలతలో ఎక్కించాడు. మామగారి మాట బాగానే ఉండేది గానీ, తాళాలు మోగినప్పుడల్లా ఇసక రాలినట్టు చప్పుడు. క్యాసెట్టు అరిగిందేమోననుకునేవాళ్ళం. మళ్ళీ ఎక్కించేటప్పుడు నూట తొంభై రెండులో ఎక్కిస్తే తాళం తాళంలాగే మోగింది. గజ్జెలూ, తాళాలూ, చిడతలూ ఉన్న పాటలకి జల్లెడ కన్ను మరీ సన్నగా ఉండకూడదన్నమాట. సినిమా పాటలకి నూట ఇరవై ఎనిమిది చాలు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళ గొంతులు మాత్రం ఏమీ జల్లించకుండా ఒక ప్రతి కంప్యూటర్లో విడిగా ఉంచుకుని, డబ్బాలో వేసుకోవడానికి ఇంకో ప్రతి చేసుకోండి. ఒకసారి జల్లించేశాక పోయింది తిరిగి రాదు.

షాపుకి వట్టి చేతుల్తో వెళ్ళకండి. మన పాటలున్న కార్డు ఒకటి పట్టుకెళ్ళి, డబ్బాలో పెట్టించి చూడాలి. నేను అలా వెళ్తే మూడు డబ్బాల తెర మీద తెలుగు పేర్లకి బదులు ఖాళీ గళ్ళు కనిపించాయి. నాలుగోదాంట్లో అక్షరాలు కనిపించాయి గానీ ఒత్తులు విడిపోయాయి. అయిదోది కొన్నాం. పాటల వరస కూడా చూసుకోవాలి. చాలా డబ్బాలు ఒకటి తర్వాత రెండుకి బదులు పదికి పోతాయి. పేర్ల ముందు సున్నా ఒకటి, సున్నా రెండు అని వేసుకుంటే ఆ తిక్క కుదురుతుంది. ఆపిన చోటునుంచే మళ్ళీ మొదలవుతుందో లేదో కూడా అడగండి. గంటసేపు సాగే హరికథకి అది లేకపోతే ఎంత విసుగో!

నాట్యం, సంగీతం నేర్చుకునే పిల్లలున్నవాళ్ళు ఇంకోటి చూడాలి. పాటలో ఒక ముక్కకి మొదలూ చివరా గుర్తుపెట్టి, ఆ ముక్కే పదేపదే తిప్పే సదుపాయం కొన్నిటికి ఉంటుంది. మా అమ్మాయికి రాని జతిని అలా ఇరవైసార్లు తిప్పుకుంటుంది. శ్రుతి మారకుండా వేగం తగ్గించేవీ ఉన్నాయి. వైరు లేని బ్లూటూత్ స్పీకరు ఇంట్లో వినడానికి బావుంటుంది. కానీ మీట నొక్కాక రవ్వంత ఆలస్యంగా పలుకుతుంది. దసరాకి వేదిక మీద పిల్లలు నిలబడి ఉన్నప్పుడు ఆ రవ్వంతే కొంప ముంచుతుంది. వైరు గుచ్చే రంధ్రం ఉన్నదే తీసుకోండి.

చెవిలో పెట్టుకు వినేవాళ్ళకి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి ఎనభై డెసిబెల్ల ధ్వని వారానికి నలభై గంటల వరకే అంటోంది, పిల్లలకి డెబ్బయి అయిదే. మనింట్లో డెసిబెల్లు కొలిచే సాధనం ఎక్కడిది? పక్కన నిలబడి పిలిస్తే పలక్కపోతే శబ్దం ఎక్కువైందన్నట్టే. పిల్లలు పలక్కపోవడానికి వేరే కారణాలూ ఉంటాయనుకోండి.

ఇక మార్చడం. నేను ఎక్కడ దెబ్బతిన్నానో చెప్పాను కదా. పాతది షాపుకి ఇవ్వకండి. రెండొందలు తగ్గిస్తామన్నా సరే, కొత్తదాంట్లో ప్రతి పాటా మొదలూ, మధ్యా, చివరా వినేదాకా పాతది బీరువాలో ఉండాలి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వేసేటప్పుడు ‘కట్’ చెయ్యొద్దు, ‘కాపీ’ చెయ్యండి. కొత్త కార్డు రాగానే కంప్యూటర్లో పెట్టి పూర్తిగా నింపి చూడాలి, అంతా సరిగ్గా పలికితేనే అసలు కార్డు. ఆ పరీక్ష చేసే చిన్న ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చేసిపెడతారు. బ్యాటరీ ఉబ్బిన పాత డబ్బాని మాత్రం దాచకండి, ఛార్జింగూ పెట్టకండి. చెత్తబుట్టలో వెయ్యకుండా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి.

కొత్త డబ్బా పట్టుకుని కూచిపూడి వెళ్ళాం. దానికి చిన్న మైకు కూడా ఉంది, రికార్డు చేసుకోవచ్చు. ఆ సంగతి మా అమ్మాయి వాళ్ళ నాన్నమ్మకి చూపిస్తోంది. అత్తయ్యగారు కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అయితే ఆ లేఖ నేను చెబుతాను, పట్టండి” అన్నారు.

మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ ఎన్నడూ గజ్జె కట్టినవారు కారు, పాట నేర్చుకున్నవారూ కారు. “వంటింట్లోంచి నలభయ్యేళ్ళు విన్నాను కదుటమ్మాయ్” అన్నారు. తాళాలు మరిది గారింట్లో ఉండిపోయాయి. స్టీలు గ్లాసు తీసుకుని చెంచాతో తాళం వేస్తూ మొదలుపెట్టారు. మామగారు ఎక్కడ ఊపిరి పీల్చుకునేవారో, ఎక్కడ పిల్లల్ని కసిరేవారో, ఆ కసురుతో సహా! రెండు చోట్ల మర్చిపోయారు, వెనక్కెళ్ళి అందుకున్నారు. మధ్యలో పక్కింటి కుక్కరు కూసింది. మళ్ళీ చేద్దామా అని మా అమ్మాయి అడిగితే, “ఉండనియ్యవే, మీ తాతయ్య రికార్డులోనూ ఉందా కూత” అన్నారు.

ఆ రాత్రే డబ్బాలోంచి మావారి ఫోనులోకీ, విజయవాడ రాగానే కంప్యూటర్లోకీ, మేనల్లుడికీ ఒక్కో ప్రతి వెళ్ళింది. ఫైలుకి “నాన్నమ్మ చెప్పిన లేఖ” అని తెలుగులోనే పేరు పెట్టింది మా అమ్మాయి. తెర మీద ఒత్తులతో సహా సరిగ్గానే కనిపిస్తోంది. ఉంటానండీ, సెలవు.