కాగితములు లేని పడవ



మేము హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతమున నివసించువారము. మా యిండ్లకు చేరువనే హుస్సేన్‌సాగరమున్నది. 1990 మార్చి 10వ తేదీన బుద్ధవిగ్రహమును తరలించుచున్న పంటు అందులోనే ఒరిగినది. విగ్రహము మునిగినది, ప్రాణనష్టము కూడ జరిగినది. 1992లో గాని ఆ విగ్రహమును పైకి తీయలేకపోయిరి. పడవ విషయము తేలికగా నెంచరాదని మేమంతా నాడే తెలిసికొంటిమి.

కొంతకాలము క్రిందట, వరుసకు మాకు అల్లుడగు నొక వార్డు సభ్యుడు కృష్ణ యొడ్డునుండి వచ్చెను. కూలీలను ఆవలి గట్టునకు చేర్చుటకు పాత పడవ నొకదానిని బేరమాడినాడట.

“చాల అగ్గువకు వచ్చినది మామా!” అనెను.

“కాగితములేవి అల్లుడా?” అని అడిగితిమి.

“పోయినవట. పడవ వారిదేనని ఊరంతా ఎరుగును గదా!”

ఊరెరిగినంత మాత్రమున హక్కు రాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, సాధారణముగా తనకు లేని హక్కును అమ్మువాడు కొనువానికి ఈయజాలడు. దొంగసొత్తని తెలిసియు, నమ్ముటకు కారణముండియు దురుద్దేశముతో కొనుట నేరము. ఇంజను పడవకైనచో, 1917 నాటి శాసనమునకు బదులు వచ్చిన 2021 జలవాహన చట్టము రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము, బీమా కోరుచున్నది. తనిఖీ లేనిచో ఎందరిని ఎక్కింపవచ్చునో చెప్పువారెవరు? 2017 నవంబరు 12న కృష్ణానదిపై పవిత్రసంగమము చెంత అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి.

కావున బయానా ఇచ్చుటకు ముందే నాలుగు పనులు చేయవలెను. రిజిస్ట్రేషను చేయు కార్యాలయములో పాత నమోదు కలదేమో విచారింపవలెను. పడవ నంబరును, ఇంజను నంబరును వేరువేరుగా సరిచూడవలెను. అప్పుపై తాకట్టున్నదేమో అడుగవలెను. వారసులందరి సంతకములతో, సాక్షులతో విక్రయపత్రము వ్రాయించుకొనవలెను. అయితే ఆ పత్రము రిజిస్ట్రేషనుకు బదులు కాజాలదు.

మా అల్లుడు తిరిగిపోయి విచారించెను. పడవ తండ్రినాటిదట, తమ్మునికి తెలియకుండ అన్న అమ్మజూపెను. వడ్రంగిని పిలిచి చూపగా అడుగు పలకలు రెండు చీకిపోయియుండెను. బేరము ఆగినది. అన్నదమ్ముల నడుమ తగవును తప్పినది.

తెడ్డుతోను, గడతోను నడుచు పడవల నమోదును రాష్ట్ర ప్రభుత్వము స్థానిక సంస్థలకు అప్పగింపవచ్చునని 2021 చట్టమే చెప్పుచున్నది. ఆ ఉత్తరువు వచ్చువరకు వేచియుండనేల? మీ రేవున ఎన్ని పడవలున్నవి, ఎవరివి, ఎప్పుడు మరమ్మతు జరిగినది అను వివరములను నేడే ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. పడవ ఒరిగిన నాడు వెదకెడి కాగితము, ఎక్కుటకు ముందే చూడవలసిన కాగితము!