మట్టి వస్తువులు వంకరపోకుండా ఉండాలంటే



తీరిక వేళల్లో మట్టితో ఏదైనా చెయ్యాలన్న సరదా మనలో చాలామందికి ఉంది. కార్తీకమాసానికి ప్రమిదలు, తులసికి చిన్న తొట్టి, గోడకి తగిలించుకునే పలక, పెరుగు తోడుపెట్టుకునే మూత కుండ, ఇవన్నీ సారె లేకుండా చేత్తోనే చేసుకోవచ్చు. చెయ్యడం అంత కష్టమూ కాదు. అసలు చిక్కు చేసిన తరవాతే వస్తుంది. సాయంత్రం సమంగా ఉన్న పళ్లెం మర్నాటికి అంచులు లేచి కూర్చుంటుంది. మూత కుండకి పట్టదు. ఆరినప్పుడు బాగానే ఉన్న తొట్టి, కాల్చి తెచ్చేసరికి ఒక పక్కకి ఒరుగుతుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు పెద్దలు. ఇక్కడ గుదియ కూడా అక్కర్లేదు, కిటికీలోంచి వచ్చే గాలి చాలు! మరి ఆ నష్టం రాకుండా ఏం చెయ్యాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందు మట్టి ఎందుకు వంగుతుందో తెలియాలి. బంకమట్టి రేణువులు కంటికి కనబడనంత సన్నని పలకల్లా ఉంటాయి. వాటి మధ్య నీటిపొర ఉంటుంది. అందుకే ఒకదాని మీద ఒకటి జారి, మనం ఎలా వంచితే అలా వంగుతుంది మట్టి. ఆరేటప్పుడు ఆ నీరు పోయి రేణువులు దగ్గరకి జరుగుతాయి. 20 సెంటీమీటర్ల పళ్లెం ఆరేసరికి, మట్టిని బట్టి, ఒక సెంటీమీటరో ఇంకాస్త ఎక్కువో తగ్గిపోవచ్చు. తగ్గడం దోషం కాదు. అంతటా ఒకేలా తగ్గితే వస్తువు చిన్నదవుతుందే గాని వంకరపోదు. అంచు ఆరి నడుమ తడిగా ఉన్నా, పైన ఆరి అడుగున తడిగా ఉన్నా, ఆరినవైపు ముందుగా లాగుతుంది. అప్పడాలు మండుటెండలో పరిస్తే అంచులు ముడుచుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే. కనుక మన జాగ్రత్తలన్నిటికీ మూలం ఒకటే మాట: అంతటా సమంగా, నిదానంగా.

మట్టి కలపడం దగ్గరే సగం పని ఉంది. మరీ జిగురుగా ఉన్న మట్టి ఎక్కువ నీరు పట్టి ఎక్కువ కుదించుకుపోతుంది. అందులో సన్నని ఇసకో, పాత కుండపెంకులు దంచి జల్లించిన పొడో కలపండి. పది పాళ్ళ మట్టికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళు చాలు. కాలిన పెంకు మళ్ళీ కుదించుకుపోదు కదా, మట్టిని పట్టి నిలబెడుతుంది. ఇది కొత్త సంగతేం కాదు. రాజస్థాన్‌లోని మొలేలా గ్రామంలో చేత్తో దేవతల పలకలు చేసేవాళ్ళు మట్టిలో గాడిదపేడ కలుపుతారు. తమిళనాట అయ్యనార్ గుడుల ముందు నిలువెత్తు మట్టి గుర్రాలు చేసేవాళ్ళు ఇసక, ఊక కలుపుతారు. పేడలోని పీచూ, ఊకా ఆవంలో కాలిపోయి, ఆవిరి బయటికి పోవడానికి సందులు మిగులుస్తాయి.

ఇక పలక వత్తడం. అప్పడాల కర్రకి రెండువైపులా ఒకే మందం ఉన్న రెండు బద్దలు పెట్టుకుని, వాటి మీదుగా కర్ర నడిపితే మందం అంతటా ఒకటే వస్తుంది. ముప్పాతిక సెంటీమీటరు మందం ఇంటి వస్తువులకి సరిపోతుంది. ఒకేవైపు వత్తకండి. నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు వత్తి, తిరగేసి మళ్ళీ వత్తండి. కింద గుడ్డ ఉంటే తిప్పడం సులువు.

మట్టికి జ్ఞాపకం ఉంటుందంటారు ఈ పని తెలిసినవాళ్ళు. చపాతీ తీసినట్టు పలకని ఒక అంచు పట్టి ఎత్తితే వంగుతుంది. మళ్ళీ చదును చేస్తాం, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆరేటప్పుడో, కాలేటప్పుడో ఆ వంపు తిరిగి పైకొస్తుంది! అందుకని పలకని గుడ్డతో సహా ఎత్తి, చెక్కమీదికి బోర్లించండి. చేత్తో ఎత్తవద్దు.

రెండు ముక్కలు అతికించేటప్పుడు రెండింటి తడీ ఒకేలా ఉండాలి. నిన్నటి కుండకి ఇవాళ్టి పచ్చి పిడి పెడితే పిడి ఎక్కువ కుదించుకుని ఊడి వస్తుంది. అతికేచోట రెండువైపులా గీతలు గీసి, అదే మట్టిని పలచగా కలిపి రాసి, గట్టిగా అదమండి. అతికించాక ఒక రాత్రంతా కప్పి ఉంచితే తడి సర్దుకుంటుంది.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. ఎండా వద్దు, ఫ్యానూ వద్దు. చెక్కమీద కాస్త పొడి ఇసక చల్లి వస్తువుని పెడితే, అడుగు అంటుకోకుండా స్వేచ్ఛగా జరుగుతుంది. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ కాగితం వదులుగా కప్పండి. అంచులూ పిడులూ ముందు ఆరతాయి కనుక వాటి మీద మరో పొర వెయ్యండి. చదును పలకలైతే పైనా కిందా వార్తాపత్రికలు వేసి, రెండు చెక్కల మధ్య ఉంచి, రోజూ కాగితాలు మార్చి తిరగెయ్యండి. గిన్నెలు కాస్త గట్టిపడ్డాక, అంచు తన బరువు తాను మోసే స్థితికి వచ్చాక, బోర్లించండి. మూతని దాని కుండమీదే ఉంచి ఆరబెట్టండి, రెండూ జతగా కుదించుకుంటాయి. వారం పట్టినా, వానాకాలంలో రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఇంకోమాట. కాల్చకముందు వంకరపోయినా పోయిందేమీ లేదు. నీళ్ళలో నానబెడితే మళ్ళీ మట్టే. కాలిన తరవాత మాత్రం అది మట్టిగా మారదు. కాబట్టి అనుమానం ఉన్నదాన్ని ఆవందాకా పంపకండి.

ఆవం మాటకొస్తే, మనలో చాలామందికి సొంత కొలిమి ఉండదు. దగ్గర్లోని కుమ్మరినో, విద్యుత్ కొలిమి ఉన్నవారినో అడుగుతాం. నూరు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లోపల మిగిలిన నీరు ఆవిరవుతుంది. దారి లేకపోతే వస్తువు పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాతి రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే తిరిగి కుదించుకుంటాయి. సెగ ఎక్కడం గాని దిగడం గాని గబగబా జరిగితే పగుళ్ళు అక్కడే పుడతాయి. అందుకే కుమ్మరులు మొదట చాలాసేపు సన్నని సెగ పెడతారు. ఒకేవైపు మంట తగిలినా వంకర తప్పదు. పళ్ళేలని ఇసక పొరమీద పడుకోబెట్టమనండి, ఒకదానికొకటి చేరవెయ్యవద్దనండి. మూతని కుండతోనే కాల్చమనండి. పూర్తిగా చల్లారకుండా విప్పమని తొందరపెట్టకండి.

చివరికి ముఖ్యమైన సంగతి. ఆవంలో మన ప్రమిద పక్కన ఆయన కుండలుంటాయి. మనది తడిగా ఉండి పేలితే, పెంకులు తగిలి అవీ పగులుతాయి. మనకిది కాలక్షేపం, ఆ ఇంటికి అది అన్నం. మణిపూర్‌లోని ఆండ్రో గ్రామంలో సారె లేకుండా, చేత్తో కుండలు చేసేది ఆడవాళ్ళే. చేతిపని ఇల్లు నడిపించగలదనీ, దానికి వెల ఉందనీ వాళ్ళని చూస్తే తెలుస్తుంది. కాబట్టి మన వస్తువు బాగా ఆరిందని నమ్మకం కుదిరాకే ఇవ్వండి, అడిగిన కూలి బేరమాడకుండా చెల్లించండి.

ఈ దీపావళికి మీ ఇంటి గడపమీద మీరు చేసిన ప్రమిద ఒరగకుండా, నూనె ఒలకకుండా వెలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.