పోలీసు మనదైతే సరిపోతదా?

(దోహాలో తెలంగాణ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, ఏప్రిల్ 2014)



ఫిబ్రవరి 18న లోక్‌సభల, 20న రాజ్యసభల బిల్లు పాసైనప్పటి నుంచి మనం పంచుకున్న మిఠాయిలకు లెక్క లేదు. జూన్ 2 నుంచి మన రాష్ట్రం మనది. ఈ సంబురం నడుమ నాకు ఇచ్చిన అంశం నేరాలు, ఉగ్రవాదం, పోలీసులు. పండుగ పూట ఇదేం ముచ్చట అని ఒకరిద్దరు నవ్విన్రు కూడా. కానీ మలిదశ ఉద్యమం భగ్గున అంటుకున్నదే పోలీసు కొలువుల కాడ, మర్చిపోవద్దు.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులల 14ఎఫ్ అనే ఒక చిన్న క్లాజు ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీసు ఉద్యోగాలకు స్థానిక రిజర్వేషన్ వర్తించదు అని దాని సారం. 2009 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు ఆ క్లాజు ప్రకారమే తీర్పు చెప్పింది. హైదరాబాద్ ఫ్రీజోన్ అన్న మాట ఊరూరా మార్మోగింది. నవంబర్ 29న కేసీఆర్ దీక్షకు బయలుదేరిండు, డిసెంబర్ 9న చిదంబరం ప్రకటన వచ్చింది. ఆ తర్వాత అసెంబ్లీ ఏకగ్రీవ తీర్మానం చేస్తే, 2011ల గని 14ఎఫ్ పోలేదు. ఎస్సై పోస్టుల కోసం ఇంత లొల్లా అని అప్పుడు కొందరు ఎక్కిరించిన్రు. 2010 ఫిబ్రవరి 14 రాత్రి ఓయూల లాఠీ దెబ్బలు తిన్న పిల్లలను అడిగితే తెలుస్తది, లాఠీ ఎవరి చేతుల ఉన్నదన్నది చిన్న ప్రశ్నేమీ కాదని.

మన మీద వేసిన పెద్ద నింద కూడా శాంతిభద్రతల నిందనే. తెలంగాణ ఇస్తే నక్సలైట్లు పెరుగుతరు, మతకలహాలు వస్తయి, హైదరాబాద్ ఉగ్రవాదుల అడ్డా అయితది అన్నరు. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చినప్పుడు ఎనిమిదో అధ్యాయాన్ని, అదే శాంతిభద్రతల అధ్యాయాన్ని, సీల్డ్ కవర్ల పెట్టి ఇచ్చింది. మన నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు పోకపోతే, జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి 2011 మార్చిల దాని గురించి తీర్పు చెప్పకపోతే, అండ్ల ఏమున్నదో మనకు తెలిసేదే కాదు. ప్రజల ఆకాంక్షను మీడియా మేనేజ్‌మెంట్‌తోని, బలగాలతోని ఎట్ల సంభాళించాలె అన్న సలహాలు శాంతిభద్రతల పేరు మీద అండ్ల ఉన్నయి.

ఇగ ఉగ్రవాదం సంగతి. నిరుడు ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌ల సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు పేలినయి. పదిహేడు మంది పోయిన్రు. ఆ బస్టాపుల నిలబడని హైదరాబాదోడు ఉండడు. అది జరిగింది సమైక్య రాష్ట్రంలనే అని చెప్పి మనం చప్పట్లు కొట్టుకోవద్దు, చావుల మీద పాయింట్లు గెలవొద్దు. నేను చెప్పేది వేరు. ఎన్ఐఏ నిందితులుగా చెప్తున్నోళ్లను చూడండి: ఒకడు కర్ణాటకోడు, ఒకడు యూపీ ఆజంగఢ్ వాడు, ఒకడు బీహారీ, ఒకడు పాకిస్తానీ. మంగళూరుల మకాం పెట్టిన్రంటున్నరు. యాసీన్ భత్కల్ దొరికింది నేపాల్ సరిహద్దుల. మిగిలిన ఇద్దరు మొన్న మార్చిల దొరికిన్రు. ఇసొంటి నేరానికి రాష్ట్రం ఒకటైతే ఏంది, రెండైతే ఏంది? రాష్ట్రాల పోలీసులు ఒకరికొకరు సమాచారం ఎంత తొందరగా ఇచ్చుకుంటరు అన్నదే లెక్క.

మక్కా మసీదు కథ ఇంకా చేదు. 2007 మే 18, శుక్రవారం. పేలుడుల తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పులల ఐదుగురు చనిపోయిన్రు. అటెన్క పాతబస్తీ పోరగాండ్లను పట్టుకపోయి కొట్టిన్రు, కేసులు పెట్టిన్రు, కోర్టులల అవి నిలవలేదు. సర్కారు పరిహారం ఇచ్చింది, హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కేసు సీబీఐకి, ఆడికెల్లి ఎన్ఐఏకు పోతే నిందితుల పేర్లే మారిపోయినయి. మధ్యల చదువులు ఆగిపోయినోళ్లు, పెండ్లిళ్లు తప్పిపోయినోళ్లు మన తెలంగాణ పిల్లలు. ఇది మన సభలల ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు ఆ మౌనం నచ్చదు.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, కాబట్టి కంప్యూటర్లు పెడితే అన్నీ అయితయి అని చెప్తనేమో అనుకుంటున్నరు కావచ్చు. చెప్పను. దేశమంతా పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్‌కు 2009ల రెండు వేల కోట్లు మంజూరైనయి. నిరుడు మన దగ్గర జనం గుమిగూడే తావులల కెమెరాలు పెట్టాలె, ముప్పై రోజుల రికార్డు ఉంచాలె అని చట్టం చేసిన్రు. మంచిదే. కానీ కెమెరా చూసేది జరిగినంక. ముందుగాల చెప్పేది గల్లీల మనిషి. పోలీసును చూస్తే భయపడే మనిషి ఏం చెప్తడు?

హైదరాబాద్ సిటీ పోలీసు ఇప్పటికీ నడుస్తున్నది 1348 ఫస్లీ చట్టం మీద. నిజాం కాలపు లెక్క, అంటే 1938-39. ప్రకాశ్ సింగ్ కేసుల 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చెయ్యండి, పోలీసు మీద ఫిర్యాదు వినేటందుకు జిల్లా దాకా అథారిటీ పెట్టండి అని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ కొత్త పోలీసు చట్టమే తేలేదు. కొత్త రాష్ట్రం తెస్తదా? తేకపోతే బోర్డు మీద పేరు మారుతది, అంతే.

సెక్షన్ 8 మీద మనకు కోపం ఉన్నది, నాకూ ఉన్నది. ఉమ్మడి రాజధాని ఉన్నన్ని రోజులు జీహెచ్ఎంసీ పరిధిల ప్రాణం, ఆస్తి, శాంతిభద్రతల మీద గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యత, ఆయన నిర్ణయమే ఆఖరు. ఎన్నుకున్న సర్కారు నెత్తి మీద ఇంకొకరిని కూసోబెట్టుడు ఇది. కానీ కోర్టుల వాదిస్తే ఒకందుకు పోతది, గుంటూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిల ఉంటున్నాయన స్టేషన్‌కు పోతే మర్యాదగా కేసు రాసుకుంటే పదందుకు పోతది. గవర్నర్ తన అధికారం వాడే అవసరమే రాకుండ చూసుకునుడు మన చేతుల పని.

ఆఖరుకు మన ఖతర్ ముచ్చట. మొన్న ఇండస్ట్రియల్ ఏరియాల ఒక క్యాంపుకు పోతే మెట్‌పల్లి దిక్కు తమ్ముడొకడు కలిసిండు. డ్రైవర్ వీసా అని ఎనభై వేలు తీసుకున్నరట, ఇక్కడ దిగినంక గమేలా మోపిచ్చిన్రు. పోదామంటే ఎగ్జిట్ పర్మిట్ కఫీల్ చేతుల ఉన్నది. ఊర్ల తండ్రి స్టేషన్‌కు పోతే, అది మీరూ మీరూ చూసుకునే పైసల పంచాయితీ అన్నరట. అది పంచాయితీ కాదు, నేరం. 1983 ఎమిగ్రేషన్ చట్టం లైసెన్సు లేని ఏజెంటును శిక్షించమంటది. అయితే శిక్ష ఎంత? రెండేండ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జుర్మానా. ఒక వీసా మీద వాడు మిగుల్చుకునేదాంట్ల అది చాయ్ పైసలు. ఆ చట్టం కేంద్రానిది, మనం మార్చలేం. మోసం కేసు కట్టుడు మాత్రం రాష్ట్ర పోలీసు పని, 420 సెక్షన్‌కు ఢిల్లీ పర్మిషన్ అక్కరలేదు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలల గల్ఫ్ కేసుల కోసం ఒక్కొక్క ప్రత్యేక సెల్, ఇక్కడికెల్లి ఈమెయిల్ పంపినా ఫిర్యాదుగా తీసుకునే పద్ధతి, గింత పెడితే ఎంతమంది ఏజెంట్లు దుకాణం మూస్తరో చూడుండ్రి.

ఏప్రిల్ 30న పోలింగ్. మనల ఎక్కువమంది విమానమెక్కి పోయి ఓటేసేటోళ్లం కాదు. కానీ ఇంటికి ఫోన్ చేసేటప్పుడు నాయినకు, తమ్మునికి ఒక మాట చెప్పుండ్రి: ఓటడగ వచ్చినోణ్ని, ఏ పార్టీ అయినా సరే, మా పిల్లగాన్ని మోసం చేసిన ఏజెంటు మీద కేసు ఎప్పుడు కడుతవు అని అడగమనుండ్రి. జవాబు రాసుకొని మనకు పంపమనుండ్రి, నియోజకవర్గం పేరుతోని ఈ బ్లాగుల పెడదాం.

జై తెలంగాణ.